యువరాజుకు చెప్పిన నీతి, 43 ప్రతులు: హాక్లీవ్ కావ్యంతో నా అనుభవం

థామస్ హాక్లీవ్ అనే కవి 1411 ప్రాంతంలో ఇంగ్లండు యువరాజు హెన్రీకి రాజనీతి బోధిస్తూ ‘రెజిమెంట్ ఆఫ్ ప్రిన్సెస్’ అనే కావ్యం రాశాడు. ఆ యువరాజే 1413లో ఐదవ హెన్రీగా గద్దెనెక్కాడు. ఇంగ్లండులో విలియం కాక్స్‌టన్ అచ్చుయంత్రం నెలకొల్పింది 1476లో. అంటే పుట్టిన తరువాత అరవై ఏళ్లకు పైగా ఆ దేశంలో ఈ కావ్యానికి చేతిరాత తప్ప వేరే ఆధారం లేదు. అలా రాసుకున్న ప్రతుల్లో 43 దాకా నేటికీ మిగిలాయి. హాక్లీవ్ తన గురువుగా కొలిచిన జెఫ్రీ చాసర్ రాసిన ‘ట్రాయిలస్’ కావ్యానికే 16 ప్రతులకు మించి మిగలలేదంటే, ఒక యువరాజు కోసం రాసిన నీతికావ్యాన్ని ఆ కాలపు పాఠకులు ఎంతగా కోరి రాయించుకున్నారో తెలుస్తుంది. అయితే కవి తన చేత్తో రాసిన ప్రతి ఇదే అని పండితులందరూ ఒప్పుకున్నది మాత్రం ఆ 43లో ఒక్కటీ లేదు. మరి కవి నిజంగా ఏ మాట రాశాడో తెలుసుకోవడం ఎలా? ఆ పని ఎలా సాగుతుందో స్వయంగా చేసి చూసే అవకాశం నాకు దొరికింది.

నేను హైదరాబాదులో చదువుకునే రోజుల్లో తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠాన్ని నిర్ణయించే పని కొంత నేర్చుకున్నాను. తరువాత లండన్‌లో మధ్యయుగ గ్రంథాల చదువులో చేరినప్పుడు, ఒక కావ్యంలో చిన్న భాగం తీసుకుని, వీలైనన్ని ప్రతుల్లో దాని పాఠాన్ని పరిశీలించి, పాఠాంతరాలతో, అంటే ప్రతుల మధ్య మాటల తేడాలతో సహా పరిష్కరించి సమర్పించమన్నారు. హాక్లీవ్ కావ్యాన్ని ఎంచుకోవడానికి మొదటి కారణం రాజనీతి. మనకు బద్దెన నీతిశాస్త్ర ముక్తావళి ఉంది. ఆముక్తమాల్యద నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి చెప్పే రాజనీతి ఉంది. అక్కడ మాట్లాడే గొంతు రాజుదే, ఎందుకంటే రాసినవాడు శ్రీకృష్ణదేవరాయలు. ఇక్కడ మాట్లాడేది జీతం సరిగా అందని ఒక గుమాస్తా. ఆ తేడా నన్ను మొదటి పుటలోనే పట్టేసింది.

హాక్లీవ్ వెస్ట్‌మినిస్టరులోని ప్రీవీ సీల్ కార్యాలయంలో, అంటే రాజుగారి ముద్రతో ఉత్తర్వులు వెలువడే కచేరీలో, 1387 ప్రాంతంలో చేరి జీవితమంతా రాతపనే చేశాడు. యువరాజు తండ్రి నాలుగవ హెన్రీ 1399లో అతనికి ఏటా పది పౌన్ల భృతి మంజూరు చేశాడు. 1409లో దాన్ని ఇరవై మార్కులకు, అంటే 13 పౌన్ల 6 షిల్లింగుల 8 పెన్నీలకు పెంచాడు. మంజూరైన సొమ్ము చేతికి రావడమే కష్టమయింది. కావ్యంలో మొదటి 2016 పాదాలు నీతి కావు. నిద్రపట్టని రాత్రి గడిపి పొద్దున్నే పొలాల వైపు నడిచిన కవికి ఒక ముసలి బిచ్చగాడు ఎదురై, దిగులెందుకని అడిగి, అతని కష్టాలన్నీ విని, యువరాజుకు మంచి పుస్తకం ఒకటి రాసి ఇవ్వమని సలహా చెబుతాడు. ఆ తరువాతే మాట నిలుపుకోవడం, న్యాయం, దయ, ఓర్పు, దానం, పిసినిగొట్టుతనం, మంత్రాంగం, శాంతి వంటి విషయాలు వస్తాయి. అరిస్టాటిల్ అలెగ్జాండరుకు రాశాడని ఆనాటివారు నమ్మిన ‘రహస్యాల రహస్యం’, రోమ్‌కు చెందిన గైల్స్ రాసిన రాజనీతి గ్రంథం, జాకొబస్ డి సెస్సోలిస్ చదరంగం పావులను ఆధారం చేసుకుని రాసిన నీతిగ్రంథం, ఈ మూడూ హాక్లీవ్‌కు ఆకరాలు. ఇంత శాస్త్రం చెబుతూనే, ఇచ్చిన మాట తప్పకూడదని యువరాజుకు బోధించే చోట తన బకాయి సంగతి కూడా గుర్తుచేస్తాడు.

పని మొదలుపెట్టే ముందు లిపి నేర్చుకోవాలి. 15వ శతాబ్దపు ఇంగ్లీషు ప్రతుల్లో ఎక్కువగా కనిపించేవి ఆంగ్లికానా, సెక్రటరీ అనే రెండు రాతలు. ఇప్పటి అక్షరాలు తెలిసినంత మాత్రాన అవి చదవలేం. ‘ఐ’, ‘ఎమ్’, ‘ఎన్’, ‘యు’ అక్షరాలు నాలుగూ ఒకే రకం పొట్టి నిలువుగీతలతో రాస్తారు. ఒక మాటలో ఆ గీతలు వరుసగా ఏడెనిమిది వస్తే, ఎక్కడ ఏ అక్షరం ముగిసిందో అర్థాన్ని బట్టి తేల్చుకోవలసిందే. ‘థార్న్’ అనే పాత అక్షరం కొందరు లేఖకుల చేతిలో ‘వై’తో కలిసిపోతుంది. మాట మీద అడ్డగీత కనిపిస్తే అది వదిలేసిన అనునాసికానికి గుర్తు కావచ్చు, ఊరికే అలంకారమూ కావచ్చు. మన తాళపత్రాల్లో పదాల మధ్య ఖాళీ ఉండదు, ఎత్వానికీ ఏత్వానికీ తేడా చూపని లేఖకులుంటారు, పొల్లుకూ గుడికీ మధ్య సందేహం వస్తుంది. అందుచేత కళ్లకు ఓపిక ముందే అలవాటైంది. లిపి కొత్తదే కానీ సందేహాల స్వభావం కొత్తది కాదు. మొదట్లో ఒక్క పద్యం ఎత్తి రాసుకోవడానికి గంటలు పట్టేది. ఒక లేఖకుడి చేయి అలవాటయ్యాక ఆ ప్రతి దానంతటదే నడిచేది. మరో ప్రతి తెరిస్తే మళ్లీ మొదటికి వచ్చేది.

43 ప్రతుల్లో పెద్ద వాటా బ్రిటిష్ లైబ్రరీలోనే ఉంది. యూస్టన్ రోడ్డులోని ఆ భవనంలో పాఠకుల కార్డు తీసుకోవడం కష్టమేమీ కాలేదు. చిరునామా, గుర్తింపు పత్రాలు చూపిస్తే చాలు. బొమ్మలున్న విలువైన ప్రతులను చూడడానికి మాత్రం నేనెవరినో, ఆ ప్రతే ఎందుకు కావాలో చెబుతూ మా ఆచార్యుల లేఖ ఒకటి జతచేయవలసి వచ్చింది. వ్రాతప్రతుల పఠనశాలలోకి సంచీ తీసుకువెళ్లకూడదు. కలం వాడకూడదు, పెన్సిల్ మాత్రమే వాడాలి. చేతి తొడుగులు ఇస్తారనుకున్నాను కానీ అడగలేదు. శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులతో పట్టుకోవడమే తోలు పత్రాలకు మేలట, తొడుగు వేసుకుంటే పత్రం అంచు వేళ్లకు తెలియదు కదా. పుస్తకం వీపు విరగకుండా రెండు వైపులా నురుగు దిమ్మలు పెట్టి, పుట లేవకుండా పూసలు కుట్టిన బరువైన తాడు మీద వేసి చదువుకోవాలి.

నేను మొదట అడిగింది హార్లీ 4866 అనే సంఖ్య గల ప్రతి. దాని 88వ పత్రం కోసం ప్రపంచమంతటి నుంచి పాఠకులు వస్తారు. కుడివైపు అంచులో చాసర్ బొమ్మ ఉంది. ముదురు రంగు అంగీ, తలమీద ముసుగు, తెల్లబడిన గడ్డం, మెడలోంచి వేలాడే కలందాన్, ఎడమచేతిలో జపమాల. కుడిచేయి చాచి, చూపుడువేలితో పక్కనున్న పద్యాన్ని చూపిస్తున్నాడు. ఆ పద్యంలో హాక్లీవ్ చెప్పేదేమిటంటే, గురువుగారి ప్రాణదీపం ఆరిపోయినా ఆయన రూపం తనలో సజీవంగా ఉందని, ఆయనను మరిచిపోయినవారు ఈ చిత్రం ద్వారా మళ్లీ కనుగొనాలని ఇక్కడ ఆయన పోలికను వేయించానని. చాసర్ పోయింది 1400లో. ఆయనను ఎరిగినవాడి మాటను పట్టుకుని ఒక చిత్రకారుడు వేసిన బొమ్మ అది. అచ్చు పుస్తకాల్లో ఎన్నిసార్లో చూసిన బొమ్మే, అయినా అసలు పత్రం మీద చూస్తే అది పద్యానికి ఎంత దగ్గరగా అంటుకుని ఉందో, ఆ వేలు లేకపోతే పద్యం ఎంత అసంపూర్ణమో అర్థమవుతుంది. నా పరిశీలనకు ఆ పద్యాన్నే, దానికి అటూఇటూ ఉన్న కొన్ని పద్యాలతో కలిపి, ఎంచుకున్నాను.

తరువాత చూసినది అరండల్ 38. ఇది కూడా యువరాజు కాలానికి దగ్గరగా, బహుశా అతని పరివారం కోసమే, ఖరీదైన హంగులతో తయారైన ప్రతి. దీని అమరిక చూస్తే లేఖకుడి లెక్క తెలుస్తుంది. పద్యానికి ఏడు పాదాలు, పుటకు నాలుగు పద్యాలు, అంటే 28 పాదాలు. ఒక పత్రానికి రెండు పుటలు కాబట్టి 56 పాదాలు. ముసలివాడితో సంభాషణ 2016 పాదాలు సరిగ్గా 36 పత్రాల్లో పడతాయి. యువరాజును సంబోధించే భాగం 37వ పత్రం మీద మొదలవుతుంది, పెద్ద బొమ్మ ఉన్నది అక్కడే. కిరీటం పెట్టుకుని నిలుచున్న యువరాజు, ఎదుట మోకరిల్లిన వ్యక్తి, ఇద్దరి చేతుల మధ్య పుస్తకం. మోకరిల్లినవాడు హాక్లీవే అని చాలాకాలం అనుకున్నారు. యువరాజే ఆ పుస్తకాన్ని జాన్ మౌబ్రే అనే ప్రభువుకు బహూకరిస్తున్నాడని మరికొందరు వాదించారు. ఆ దుస్తుల ఖరీదు చూస్తే నాకు రెండో వాదనే బలంగా తోచింది. జీతం బకాయి పడిన గుమాస్తాకు అలాంటి బట్టలెక్కడివి?

అరండల్ 38లో నేను వెతుకుతున్న పద్యం లేదు. అది ఉండవలసిన పత్రాన్నే ఎవరో తీసేశారు. మన పరిష్కర్తలు ఇలాంటి చోట ‘ఇచట గ్రంథపాతము’ అని రాసి ఊరుకుంటారు. ఇక్కడ మాత్రం పాతం ఎందుకు జరిగిందో ఊహించడం కష్టం కాదు. బొమ్మ కోసం కోశారు, బొమ్మతోపాటు పద్యాలు పోయాయి. హార్లీ 4826లోనూ చాసర్ చిత్రం ఉండవలసిన చోట కత్తిరింపే మిగిలింది. అక్కడ తరువాతి కాలపు పాఠకుడొకరు పాత పద్యఫక్కిలోనే నాలుగు పాదాలు రాసిపెట్టారు. మన మేలు కోసం ఎంతో రాసిన చాసర్ చిత్రం ఇక్కడుండేదని, ఎవడో వెర్రి ఆవేశపరుడు దాన్ని కోసుకుపోయాడని, ఆ పనే వాడి బుర్ర గొడ్డుబుర్ర అని చెబుతున్నదని వాటి సారాంశం. ఎన్నడూ చూడని ఆ పాఠకుడితో నాకు ఆ క్షణంలో చుట్టరికం కలిసింది. ఆ కోపం న్యాయమైన కోపం.

బొమ్మ విషయంలో ప్రతులన్నీ ఒక దారిన నడవలేదు. రాయల్ 17 డి.6లో చాసర్ నిలువెత్తున కనిపిస్తాడు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరపు రోజెన్‌బాక్ గ్రంథాలయంలోని ఒక ప్రతిలో ఉన్న చిత్రం చాలా తరువాత చేర్చినదని పరిశోధకులు భావిస్తున్నారు. ఎక్కువ ప్రతుల్లో బొమ్మ వేయనేలేదు. ఖర్చు భరించలేకనో, చూసి రాసుకున్న మాతృకలో లేకనో వదిలేశారు. అయినా పద్యాన్ని మాత్రం యథాతథంగా రాశారు. ‘ఇక్కడ ఆయన పోలికను వేయించాను’ అని కవి అంటాడు, పక్కన చూస్తే ఖాళీ అంచు. అలాంటి పుటలు ఒకదాని తరువాత ఒకటి తిప్పుతుంటే, లేఖకుడు తాను రాస్తున్నదాన్ని చదువుతున్నాడా, ఎత్తి రాస్తున్నాడా అన్న ప్రశ్న వస్తుంది. నా అభిప్రాయంలో చాలామంది చదువుతూనే రాశారు, కాని కవి మాటను మార్చే అధికారం తమకు లేదనుకున్నారు. మార్పులు ఎక్కడ దొర్లాయంటే, అవి మార్పులని తమకే తెలియని చోట.

ఆ చోటు అక్షరసంఖ్య, అంటే పాదంలో నోటికి పలికే అక్షరాల లెక్క. ప్రతులు సరిపోల్చుతున్న తొలిరోజుల్లో పాఠాంతరాల పట్టిక పెరిగిపోతుంటే, హైదరాబాదులోని మా గురువుగారికి ఫోన్ చేశాను. ఆయనకు మధ్యయుగపు ఇంగ్లీషు తెలియదు. ‘‘అర్థం తరువాత చూద్దువు గానీ, ముందు ఛందస్సు చూడమ్మా. ఆ కవి ఏది తప్పడో అది పట్టుకో’’ అన్నారు. తెలుగు పద్యానికి ఆ సౌకర్యం పుష్కలంగా ఉంది. యతి కుదరకపోతే, ప్రాస తప్పితే, గణం చెడితే, అక్కడ లేఖకుడి చేయి పడిందని పరిష్కర్త పసిగడతాడు. హాక్లీవ్ పద్యానికి యతిప్రాసలు లేవు. అంత్యప్రాస ఉంది, ఏడు పాదాల్లో మొదటిదీ మూడోదీ కలుస్తాయి, రెండూ నాలుగూ ఐదూ కలుస్తాయి, చివరి రెండూ జంట. ప్రాస ఉన్నది పాదాంతంలోనే కాబట్టి పాదమధ్యంలో జరిగిన పొరపాటును అది పట్టివ్వదు. పట్టిచ్చేది ఒక్కటే. హాక్లీవ్ పాదానికి పది అక్షరాలు లెక్కపెట్టి రాస్తాడు. పాదాంతంలో ఊనిక లేని ‘ఎ’కారం ఒకటి అదనంగా ఉండవచ్చు, అది లెక్కలోకి రాదు.

ఆ చాసర్ పద్యంలో చివరి పాదమే తీసుకుంటాను. దాన్ని మన లిపిలో రాస్తే ‘బీ థిస్ పెయిన్‌తూరె మే అగెయిన్ హిమ్ ఫీండె’ అని సుమారుగా వస్తుంది. ‘ఈ చిత్రం చేత ఆయనను మళ్లీ కనుగొనగలరు’ అని అర్థం. బీ, థిస్, పెయిన్, తూ, రె, మే, అ, గెయిన్, హిమ్, ఫీన్ అని లెక్కపెడితే సరిగ్గా పది. చిత్రం అనే మాటకు ఫ్రెంచి నుంచి వచ్చిన రూపంలో చివరి ‘రె’ పలికితేనే ఆ పది నిండుతాయి. హాక్లీవ్ పోయింది 1426లో. అప్పటికే మామూలు మాటల్లో చివరి ‘ఎ’కారం నోట పలకడం తగ్గిపోతోంది, శతాబ్దం సగం గడిచేసరికి దాదాపు అదృశ్యమైంది. తరువాతి తరపు లేఖకుడి చెవికి ఆ పాదం తొమ్మిదక్షరాలే. అతను ఉన్నదున్నట్టు రాసినా, చదివేటప్పుడు కుంటుతుంది. ఏదో లోపించిందనుకుంటే తోచిన చిన్న మాట ఒకటి దూరుస్తాడు. ఇంకోచోట, ‘ఎ’కారం రాతలో ఉండనా వద్దా అన్నదానికి నియమం తెలియక, కావలసిన చోట తీసేసి అక్కరలేని చోట తగిలిస్తాడు. ఒక్కో ప్రతిలో ఇవి చిల్లరతప్పుల్లా కనిపిస్తాయి. ప్రతులన్నీ ఒక పట్టికలో పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒక భాష పలుకుబడి మారడం కళ్లెదుట కనబడుతుంది. నేను ఆ పట్టిక ముందు కూర్చున్నంత తృప్తిగా చదువులో ఇంకెక్కడా కూర్చోలేదు.

హాక్లీవ్ పది అక్షరాల నియమం తప్పడని మనకెలా తెలుసు? అతని చేతిరాత నిజంగానే మిగిలింది గనుక, అయితే వేరే రచనల్లో. కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో హెచ్.ఎం. 111, హెచ్.ఎం. 744 అనే రెండు ప్రతులు, డరమ్ విశ్వవిద్యాలయంలో కోసిన్ వి.3.9 అనే ప్రతి, ఇవి మూడూ కవి జీవితపు చివరి ఏళ్లలో తన లఘుకావ్యాలను తానే సాఫుగా రాసుకున్నవి. అతను కచేరీ ఉద్యోగుల కోసం కూర్చిన నమూనా లేఖల సంపుటి ఒకటి బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 1937లో హెచ్.సి. షుల్జ్ వీటిలోని చేయి ఒకటే అని అక్షరాల తీరును బట్టి నిరూపించాడు. మధ్యయుగపు ఇంగ్లీషు కవుల్లో ఇంత స్వహస్త రచన మిగిలిన అదృష్టవంతులు అరుదు. చాసర్ కవిత్వం అతని సొంత చేతిరాతలో మనకు ఒక్క పాదమైనా దక్కలేదు. డరమ్ ప్రతి మొదటి భాగం పోగా, 16వ శతాబ్దంలో జాన్ స్టో అనే చరిత్రకారుడు ఆ పత్రాలను తన చేత్తో పూరించాడు. ఒకే పుస్తకంలో స్టో రాసిన పుటలనూ కవి రాసిన పుటలనూ పక్కపక్కన పోల్చి చూస్తే, ‘ఎ’కారం విషయంలో కవి పాటించిన పద్ధతి ఎంత నిలకడైనదో విడిగా చెప్పనక్కరలేదు.

ఈ స్వహస్త ప్రతులను బట్టి ‘రెజిమెంట్’ పాఠాన్ని కూడా కవి వర్ణక్రమంలోకి తిరిగి మార్చవచ్చని 1980లలో డేవిడ్ గ్రీథమ్ వంటి పరిశోధకులు ప్రతిపాదించారు. ప్రతులన్నిటినీ సరిపోల్చే పెద్ద ప్రణాళిక ఒకటి ఆ రోజుల్లో నడిచింది. అనుకున్న పరిష్కరణ వెలువడలేదు కానీ, ఆ బృందం కూర్చిన సామగ్రి ఇప్పుడు హాక్లీవ్ ఆర్కైవ్‌గా పాఠకులకు అందుతోంది. అందులో నేను చాలా లాభం పొందాను. అయినా వర్ణక్రమాన్ని అంతటా తిరగరాయడానికి నా మనసు ఒప్పుకోలేదు. కవి 1420లలో పాటించిన పద్ధతిని 1411లో కూడా పాటించాడని అనుకోవడం సబబే కావచ్చు. కాని అలా తయారయ్యే పాఠం ఏ లేఖకుడూ రాయనిది, ఏ పాఠకుడూ చదవనిది. లెక్క తప్పిన పాదాన్ని మాత్రమే సవరించి, సవరించిన ప్రతిచోటా ప్రతి ఏమంటున్నదో అడుగున చూపడమే నాకు నచ్చిన దారి.

2011లో లిన్ మూనీ మరో మాట చెప్పారు. రాయల్ 17 డి.18 అనే ప్రతిలోని చేయి హాక్లీవ్‌దేనని, అంటే ‘రెజిమెంట్’కు కూడా కవి స్వహస్తప్రతి ఉన్నదని ఆమె వాదం. దాన్ని అందరూ అంగీకరించలేదు. ప్రీవీ సీల్ గుమాస్తాలు ఒకే కచేరీలో ఒకే రాత నేర్చుకున్నవాళ్లు. వాళ్ల ‘డబ్ల్యు’ గుండ్రాలు, ‘వై’ తోకలు ఒకదాన్నొకటి పోలడం సహజం. నేను ఆ ప్రతిని, స్వహస్తప్రతుల చిత్రాలను పక్కన పెట్టుకుని, చాలాసేపు చూశాను. రాత అందంగా, చురుగ్గా ఉంది. కవిదే అని నాకు నమ్మకం కలగలేదు, కాదని కొట్టివేసే ధైర్యమూ రాలేదు. అందుకే నా పట్టికలో దానికి ఇతర ప్రతులతో సమానమైన స్థానమే ఇచ్చాను.

ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయానికి వెళ్లినప్పుడు పాఠకులందరిలాగే నేనూ ప్రతిజ్ఞ చేశాను. లోపలికి నిప్పు తేనని, గ్రంథాలకు హాని చేయనని. అక్కడ నేను చూడాలనుకున్నది డిగ్బీ 185. యార్క్‌షైర్ ప్రాంతపు హాప్టన్ కుటుంబం ఆయుధచిహ్నాలు అందులో ఉన్నాయి. దేశచరిత్ర, ఒక వీరగాథ, వాటితో పాటు హాక్లీవ్ నీతికావ్యం ఒకే సంపుటిలో కట్టి ఉన్నాయి. అంటే యువరాజు కోసం పుట్టిన పుస్తకం గ్రామీణ భూస్వామి ఇంట్లో పిల్లలూ పెద్దలూ చదివే పుస్తకాల్లో చేరింది. హార్లీ 7333 లెస్టర్ నగరపు మఠానికి సంబంధించినదని అంటారు. కొన్ని ప్రతుల్లో ఆకరాలైన లాటిన్ వాక్యాలు అంచుల్లో శ్రద్ధగా రాసి ఉంటాయి, కొన్నిటిలో ఒక్కటీ ఉండదు. లాటిన్ కోరినవాడు పండితుడో మఠవాసియో అయి ఉంటాడు, వదిలేయమన్నవాడికి కథ, నీతి చాలు. అంచుల్లో ‘నోట’ (లాటిన్‌లో ‘గమనించు’) అనే గుర్తు ఎక్కడెక్కడ పడిందో చూస్తూ పోవడం నాకు ఇష్టమైన పని. రాజుకు చెప్పిన మాటల్లో తన బతుక్కి పనికొచ్చేది ఏదో పాఠకుడు అక్కడ ఏరుకున్నాడు.

ఈ పనంతటిలో నాకు అత్యంత ఆత్మీయమైన భాగం ముసలివాడితో కవి తన ఉద్యోగం గురించి చెప్పే చోటు. రాయడం తేలిక పని అని జనం అనుకుంటారు, కాని మనసూ కన్నూ చేయీ మూడూ ఒక్కసారి పనిచేయాలి, ఏ ఒక్కటి తప్పినా రాత చెడుతుంది. ఇతర పనివాళ్లు పాడుకుంటూ కబుర్లాడుకుంటూ పనిచేస్తారు, మేం మాత్రం తలవంచి గొర్రెచర్మం మీదికి చూస్తూ మౌనంగా ఉండాలి. ఇరవై ఏళ్లకు పైగా ఇలా వంగి కూర్చుంటే కడుపు, వీపు, అన్నిటికంటే ముందు కళ్లు పాడయ్యాయి. ఇదీ అతని గోడు. మన వ్రాతప్రతుల చివర లేఖకులు రాసే శ్లోకం నాకు కంఠతా వచ్చు. ‘భగ్నపృష్ఠకటిగ్రీవః స్తబ్ధదృష్టిరధోముఖః’ అని మొదలవుతుంది. వీపు, నడుము, మెడ విరిగేలా, చూపు నిలిపి, తల వంచి కష్టపడి రాసిన ఈ గ్రంథాన్ని జాగ్రత్తగా కాపాడుకోండి అని వేడుకోలు. సముద్రాల అవతల ఒకరినొకరు ఎరగని రాతగాళ్లు ఒకే అవయవాల పేర్లు చెప్పుకున్నారు. హాక్లీవ్ ఆ పద్యాలు రాస్తే, వాటిని అదే నొప్పితో వంగి కూర్చున్న మరో లేఖకుడు ఎత్తి రాశాడు. ఆ భాగాన్ని ఏ ప్రతిలో చూసినా నేను తొందరపడి పుట తిప్పలేకపోయాను. అక్కడ రాత కొంచెం అలసినట్టు కనబడితే అది నా భ్రమే కావచ్చు. పాఠాంతరాలు మాత్రం అక్కడ తక్కువగా కనిపించాయి. తమ సంగతి తమకు తెలుసు గదా.

అచ్చులో ఈ కావ్యానికి మూడు పరిష్కరణలు ముఖ్యమైనవి. 1860లో థామస్ రైట్ రాయల్ 17 డి.6ను, 1897లో ఫర్నివల్ హార్లీ 4866ను, 1999లో చార్లెస్ బ్లైత్ అరండల్ 38ను ఆధారం చేసుకున్నారు. ముగ్గురూ ఒకే కావ్యానికి మూడు వేర్వేరు మాతృకలను ఎంచుకోవడం మొదట నన్ను కలవరపెట్టింది. పట్టిక పూర్తయ్యాక, ఫర్నివల్, బ్లైత్ ఎంచుకున్న రెండు ప్రతులూ కవికి ఎంత దగ్గరివో, ఒకదానికొకటి ఎంత తోడుగా నిలుస్తాయో నాకే స్పష్టమైంది. నేను ఎంచుకున్న భాగంలో అరండల్ పత్రం పోయింది కాబట్టి హార్లీ 4866నే మాతృకగా తీసుకున్నాను. నేను చూడగలిగిన ప్రతుల పాఠాంతరాలన్నీ అడుగున చేర్చాను, అమెరికాలోని ప్రతులకు చిత్రాల మీదే ఆధారపడ్డాను. ‘పెయిన్‌తూరె’ మాటకు చివరి అక్షరం పలకాలని సూచిస్తూ ఒక చుక్క పెట్టి, తొమ్మిదక్షరాల పాదంగా చదివించే ప్రతులను, మాట చేర్చిన ప్రతులను వేరువేరుగా చూపాను. పీఠికలో అక్షరసంఖ్య గురించి రాసిన భాగం మిగతా భాగాలన్నిటికంటే పెద్దదైంది. కొంత కుదించమని పరీక్షకులు సలహా ఇచ్చారు. కుదించాను, కాని ఆ పాదాన్ని పదక్షరాలుగా విడదీసి చూపిన పుటను మాత్రం అలాగే ఉంచాను.